ఉగాదికీ పణా సంక్రాంతికీ మధ్య: ఇంటి బరువు, అలవాట్ల బరువు తగ్గించుకునే విధానం

నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఏటా రెండు సంవత్సరాదులు వస్తాయి. చైత్ర శుద్ధ పాడ్యమినాడు మనం ఉగాది పచ్చడి తింటాము. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే రోజున ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలతో కలిసి పణా సంక్రాంతి పానకం తాగుతాము. 2026లో, అంటే పరాభవ నామ సంవత్సరంలో, ఉగాది మార్చి 19న, పణా సంక్రాంతి ఏప్రిల్ 14న వస్తున్నాయి. ఈ రెండు పండుగల నడుమనున్న రోజులను ఇంట్లో పేరుకుపోయిన వాటిని తీసివేయడానికీ, పణా సంక్రాంతి నుంచి జూన్ నడిమధ్యలో వచ్చే ఒడియావారి రజ పండుగ దాకా ఉన్న రెండు నెలలను అలవాట్లు మార్చుకోవడానికీ ఎలా వాడుకోవచ్చునో ఈ వీడియోలో వివరిస్తాను.

పండుగకు ముందు బూజు దులపడంలో, గోడలకు వెల్ల వేయించడంలో, గడపలకు పసుపు రాయడంలో మన ఇళ్ళలో ఎవరూ అశ్రద్ధ చేయరు. అయితే అటక మీది మూట కిందికి దిగి, దుమ్ము దులిపించుకుని, విప్పకుండానే మళ్ళీ అటక ఎక్కుతుంది. నా అభిప్రాయంలో మన సరిహద్దు ఇళ్ళలో పేరుకునే వాటికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. ఇచ్ఛాపురంలో పుట్టిల్లు, బరంపురంలో అత్తవారిల్లు, పలాసలో చదువు, పర్లాఖెముండిలో ఉద్యోగం అన్నట్లుగా సాగే జీవితంలో ప్రతిదీ రెండేసి తయారవుతుంది. రెండు సిమ్ కార్డులు, రెండు బ్యాంకు పాసుపుస్తకాలు, రెండు చిరునామాలు, రెండు భాషలలో కాగితాలు ఉంటాయి. వాటిలో ఏది నడుస్తున్నది, ఏది ఆగిపోయింది అన్నది తేల్చుకోకపోవడం వల్లనే రెండూ ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోతాయి. కాబట్టి ఈ పనిలో మీ ఓపిక అంతా సర్దడానికి కాకుండా, తేల్చుకోవడానికి కేటాయించండి.

బట్టలతో మొదలుపెట్టవద్దు. కాగితాలతో మొదలుపెట్టండి. దీనికి మన ప్రాంతంలో బలమైన కారణం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాలలో తీరం దాటి, గజపతి జిల్లా కొండప్రాంతంలో కూడా ప్రాణాలు తీసింది. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకసారి వస్తాయి. ఊరు ఖాళీ చేయమని మైకులో చెప్పినప్పుడు పరుపు కింద ఒకటి, పూజ గూటిలో ఒకటి, మేకుకు తగిలించిన సంచిలో ఒకటి వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. చేతికి అందగానే తీసుకుని బయలుదేరగలిగే ఒకే ఒక్క సంచి ఇంట్లో ఉండాలి, దానిని ఈ పండుగల మధ్యనే సిద్ధం చేసుకోవాలి.

ఇప్పుడు మీరు చూస్తున్నట్లుగా నేల మీద ఒక దుప్పటి పరిచి, ఇంట్లో ఎక్కడెక్కడ కాగితాలు ఉన్నాయో అన్నింటినీ తెచ్చి దాని మీద పోయండి. ఫ్యాను ఆపి ఉంచండి. మళ్ళీ సంపాదించడం కష్టమైన అసలు పత్రాలను ముందుగా ఏరండి. భూమి పట్టా, రిజిస్ట్రేషను దస్తావేజు, పదో తరగతి ధ్రువపత్రం, జనన మరణ ధ్రువపత్రాలు, బీమా పాలసీలు, పింఛను ఉత్తర్వులు ఇందులోకి వస్తాయి. పోయినా మళ్ళీ తీసుకోగలిగినవి వేరే కుప్పగా పెట్టండి. కాలం తీరిన కరెంటు బిల్లులు, చెడిపోయి ఎప్పుడో అమ్మేసిన మిక్సీ వారంటీ కార్డు, ఏటీఎం చీటీలు మూడవ కుప్ప. ఏటీఎం చీటీలూ, దుకాణాలలో యంత్రం ముద్రించి ఇచ్చే బిల్లులూ థర్మల్ కాగితం మీద ఉంటాయి, అవి కొంతకాలానికి అక్షరం కనబడకుండా తెల్లబడిపోతాయి. ఇలా తెల్లబడిన బిల్లు మీ దగ్గరా ఒకటి దొరుకుతుంది, చూడండి. వారంటీ ఇంకా మిగిలి ఉన్న వస్తువుల బిల్లులను మాత్రం ఇప్పుడే ఫోటో తీసుకోండి. మూడవ కుప్పలో ఆధార్ నంబరు గాని, ఖాతా నంబరు గాని ఉన్న కాగితాన్ని ఆ అంకెల మీదుగా అడ్డంగా, నిలువుగా చింపిన తరువాతనే పారవేయండి.

మళ్ళీ తీసుకోగలిగిన వాటి విషయంలో, కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ పత్రాల పెట్టె అయిన డిజిలాకర్ ఎంతో ఉపయోగపడుతుంది. 2015లో మొదలైన ఈ సదుపాయంలో ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రానికి, 2016 నాటి నిబంధనలకు 2017లో చేసిన సవరణ ప్రకారం, అసలు పత్రంతో సమానమైన విలువ ఉంటుంది. మనం ఫోటో తీసి అందులో ఎక్కించుకున్న పత్రానికి ఆ విలువ ఉండదు. ఈ తేడాను దయచేసి గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషను దస్తావేజు అసలు ప్రతిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో భద్రంగానే ఉంచండి.

ఇక్కడ మన ఇళ్ళకు మాత్రమే అవసరమైన ఒక పని చెబుతాను. మన పెద్దవారిలో చాలామందికి తెలుగు చదవడం వచ్చు, ఒడియా రాదు. పిల్లలు బడిలో ఒడియా నేర్చుకుంటున్నారు, వారిలో కొందరికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. అందువల్ల ప్రతి కవరు మీదా లోపల ఏముందో తెలుగులో ఒక వరుస, ఒడియాలో ఒక వరుస రాయండి. ఒడియా వరుసను పిల్లలచేత రాయించండి. నాయనమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్నా, మనవడు ఒక్కడే ఉన్నా కావలసిన కాగితం దొరుకుతుంది. ఈ కవర్లన్నింటినీ నీరు చొరని జిప్ సంచిలో పెట్టి, దానిని తలుపుకు దగ్గరగా, నేలకు ఎత్తుగా ఒక చోట ఉంచి, ఆ చోటు ఇంటిల్లిపాదికీ చూపించండి.

కాగితాల తరువాత ఇంట్లో రెండేసి ఉన్నవాటి సంగతి తేల్చుకుందాము. మొదట పాసుపుస్తకాలు. రెండేళ్ళపాటు మీరు ఎలాంటి లావాదేవీ చేయని ఖాతాను బ్యాంకు నిద్రాణ ఖాతాగా పరిగణిస్తుంది. పదేళ్ళు గడిస్తే అందులోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి వెళుతుంది. అప్పుడు కూడా ఆ డబ్బు మీదే, అడిగి తీసుకోవచ్చు. కాని తిరగవలసి వస్తుంది. చదువుకునే రోజులలో సోంపేటలోనో టెక్కలిలోనో తెరిచిన ఖాతా గుర్తున్నా పుస్తకం దొరకకపోతే, రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ప్రారంభించిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు. నిద్రాణ ఖాతాను మళ్ళీ నడిపించడానికి బ్యాంకు రుసుము వసూలు చేయకూడదని, కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నియమం అమలులో ఉంది. కాబట్టి భయపడకుండా శాఖకు వెళ్ళి, ఉంచుకోవాలనుకుంటే కేవైసీ ఇవ్వండి, అక్కరలేకపోతే మూయించి సొమ్ము తెచ్చుకోండి. ఉంచుకున్న ఖాతాలో నామినీ పేరు ఉన్నదో లేదో కూడా అదే రోజున అడగండి.

సిమ్ కార్డు విషయంలో తొందరపడవద్దు. ఇచ్ఛాపురం దాటితే ఒక సిమ్, గిరిసోల దాటితే మరొక సిమ్ వేసుకోవలసిన కాలం పోయింది, అయినా పాత నంబరును చాలామంది రీచార్జి చేయకుండా వదిలివేస్తారు. అలా వదిలివేసిన నంబరును కనెక్షను రద్దయిన 90 రోజుల తరువాత కంపెనీ మరొకరికి కేటాయించవచ్చు. మీ బ్యాంకు ఖాతాకు, గ్యాసు కనెక్షనుకు, ఆధార్‌కు ఆ పాత నంబరే ఉండిపోతే, ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి వెళుతుంది. అందువల్ల ముందుగా అన్ని చోట్లా నంబరు మార్పించండి, వాట్సాప్‌లో ‘చేంజ్ నంబర్’ ద్వారా కొత్త నంబరుకు మారండి, ఆ తరువాతనే పాత సిమ్‌ను రద్దు చేయించండి. మీ పేరు మీద మొత్తం ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూడవచ్చు. మన రాష్ట్రంలో ఒక వ్యక్తి పేరు మీద తొమ్మిది కనెక్షన్ల దాకా అనుమతిస్తారు. ఆ జాబితాలో మీరు ఎరుగని నంబరు కనబడితే అక్కడే ‘నాది కాదు’ అని తెలియజేయవచ్చు.

ఓటరు కార్డులు రెండు ఉంటే దానిని కేవలం అదనపు కార్డుగా భావించకండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు రెండు నియోజకవర్గాల జాబితాలలో ఉండకూడదు. పెళ్ళి తరువాత ఇటు వచ్చిన ఆడపడుచుల విషయంలో ఇది ఎక్కువగా కనబడుతుంది. కొత్త చోటికి మారినవారు ఫారం 8 ఇవ్వాలి. ఇప్పటికే రెండు చోట్ల పేరు ఉన్నవారు ఉండని చోట పేరు తొలగించమని ఫారం 7 ఇవ్వాలి.

ఇక ట్రంకు పెట్టె దగ్గరికి వద్దాము. ఇప్పుడు మీరు చూస్తున్నది మా అత్తగారి పెట్టె, ఆవిడ అనుమతితో తెరుస్తున్నాను. ఇతరుల వస్తువులను వారు లేనప్పుడు తీసివేయడం నాకు సమ్మతం కాదు. పెద్దవారి పెట్టె విషయంలో అది మరీ తప్పు. ఎవరి పెట్టెను వారి ఎదుటనే తెరవాలి. కుంభాల అంచుతో ఉన్న ఈ బరంపురం పట్టుచీరను దగ్గరగా చూపిస్తున్నాను. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండటం వల్ల మడత వచ్చిన గీత వెంబడి జరీ నల్లబడి, పట్టు పోగులు విరిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని చీలిక కనబడుతోంది. “అత్తయ్యా, దీనిని ఉంచుదామా, ఎవరికైనా ఇద్దామా?” అని అడిగాను. “అది మా అప్ప కట్టుకున్నది, నేనున్నంతకాలం ఉండనీయమ్మా” అన్నారు. కాబట్టి అది ఉంటుంది. ఉంచడం కూడా ఒక నిర్ణయమే కనుక, ఉంచేటప్పుడు సరిగ్గా ఉంచాలి.

పట్టుచీరను పాత మడతలకు భిన్నంగా కొత్త చోట మడవండి. ఎండలో కాకుండా నీడలో గాలికి ఆరనిచ్చి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టండి. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది, మన తీరప్రాంతపు గాలిలో అది బూజుకు దారి తీస్తుంది. కలరా ఉండలను జరీకి తగిలేటట్లు వేయవద్దు. వాటి గురించి మరొక ముఖ్యమైన సంగతి చెప్పాలి. నాఫ్తలీన్ ఉండల మధ్య దాచిన బట్టలను పసిపిల్లలకు నేరుగా కప్పకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలలో ఆ వాసనకే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై, తీవ్రమైన కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. బాలింత ఉన్న ఇంట్లో ఆ ఉండలు అసలే వద్దు, ఎండిన వేపాకు వేసుకోండి.

మిగిలిన బట్టలలో, కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది వరకు ఒక్కసారి కూడా కట్టనివాటిని పక్కకు తీయండి. ఏడాదిలో అన్ని ఋతువులూ, పెళ్ళిళ్ళూ, పండుగలూ వచ్చిపోయాయి కనుక ఇది న్యాయమైన కొలత అని నేను అనుకుంటాను. ఇచ్చేవి ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి ఇంట్లో తుడుపు గుడ్డలుగా వాడుకోండి, ఇంకొకరి గుమ్మంలో వదలకండి. చెడిపోయిన ఛార్జర్లు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు మామూలు చెత్తలో వేయకూడదు, వాటిని విడిగా ఉంచి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. వంటింట్లో ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. కొత్త ఆవకాయ పెట్టే రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి పాత జాడీలలో బూజు పట్టినదానిని పైపైన తీసి వాడకుండా పూర్తిగా పారవేసి, జాడీలను కడిగి ఎండబెట్టండి.

ఫోనులోని బరువు కంటికి కనబడదు కాబట్టి దానిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వాట్సాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, స్టోరేజ్ అండ్ డేటా లోపల మేనేజ్ స్టోరేజ్ నొక్కండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ కన్న పెద్దవి అక్కడ వేరువేరుగా కనబడతాయి. శుభోదయం బొమ్మలు, వీడియోలు అక్కడి నుంచి ఒకేసారి తీసివేయవచ్చు, కాని కుటుంబ ఫోటోలు కలిసి ఉండవచ్చు కనుక ఒకసారి పరికించండి. తరువాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే భాగం చూడండి. ఎప్పుడో క్రికెట్ చూడటానికో, సీరియల్ కోసమో తీసుకున్న చందా నెలనెలా డబ్బు తీసుకుంటూ ఉండవచ్చు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలాంటి ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచివేసే అలవాటు మాత్రం మనదే. అక్కరలేనివాటిని అక్కడే రద్దు చేయండి.

ఇదే వరుసలో చేబదుళ్ళు కూడా తీర్చివేయండి. పొరుగింటి నుంచి తెచ్చిన గిన్నె, పెళ్ళిలో మారిపోయిన పళ్ళెం, పిన్నిగారి దగ్గర తీసుకున్న కొద్దిపాటి డబ్బు, ఎవరిదో పుస్తకం, ఇలాంటివి మనసులో గుచ్చుకుంటూ ఉంటాయి. ఒక సాయంత్రం కేటాయించి అన్నీ తిరిగి ఇచ్చి రండి. మనకు రావలసినవి అడగవలసి ఉంటే మర్యాదగా అడగండి, అడగలేమనుకుంటే లెక్కలోంచి కొట్టివేయండి.

పణా సంక్రాంతితో వస్తువుల పని ఆపి, అలవాట్ల పని మొదలుపెట్టాలి. అలవాటు 21 రోజులలో స్థిరపడుతుందని తరచుగా వింటాము. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి ప్రకటించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి రమారమి 66 రోజులు పడుతున్నట్లు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. ఏప్రిల్ 14 నుంచి 66 రోజులు లెక్కపెడితే జూన్ 19 వస్తుంది, అంటే రజ పండుగ ఊయలలు విప్పిన కొద్ది రోజులకు అన్నమాట. మూడు వారాలకే నిరాశ పడవలసిన పని లేదని దీనివల్ల తెలుస్తోంది.

ఒకే ఒక్క అలవాటును ఎంచుకోండి. దానిని గడియారానికి కాకుండా, రోజూ తప్పక చేసే మరొక పనికి ముడివేయండి. మా ఇంట్లో ఎంచుకున్నది ఇది: రాత్రి భోజనం అయిన వెంటనే ఫోన్లన్నీ ముందు గదిలో ఛార్జింగుకు పెట్టి, అందరమూ ఆ రోజు బయటపడిన వస్తువులను ఎక్కడివి అక్కడ పెట్టి, ఆ తరువాతనే పడక గదిలోకి వెళతాము. పడక దగ్గర ఫోను లేకపోవడం వల్ల నిద్ర త్వరగా పడుతోంది, ఉదయం లేవగానే వంటగట్టు ఖాళీగా ఉంటోంది. మీకు బజారుకు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి కొనే అలవాటు ఉంటే, చెప్పులు వేసుకునే ముందు కావలసినవి చీటీ మీద రాసుకుని, చీటీలో లేనిదానిని మరుసటి వారానికి వాయిదా వేయండి.

మన సమయాన్ని ఎక్కువగా తీసుకునేవి పిలుపులు. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టాలున్న ఇంటికి వైశాఖంలో ఒకే ముహూర్తానికి మూడు శుభలేఖలు రావడం మామూలే. ప్రతిదానికీ ఇంటిల్లిపాదీ వెళ్ళాలని పట్టుబడితే ప్రయాణాలకే ఆ నెల చెల్లిపోతుంది. ఎవరి పెళ్ళికి అందరూ వెళ్ళాలి, ఎవరి పెళ్ళికి ఒకరు వెళితే చాలు అన్నది శుభలేఖ అందిన రోజునే కూర్చుని మాట్లాడుకోండి. వెళ్ళలేని చోటికి ముందుగానే ఫోను చేసి, “బావగారూ, ఆ రోజున రాలేకపోతున్నాము, తరువాత వచ్చి దంపతులను చూస్తాము” అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఈ ఏడాది మంచి వ్యవధి ఉంది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం కావడం వల్ల ఆ రోజులలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. మీరు మొదలుపెట్టిన అలవాటు కుదురుకోవడానికి కూడా ఆ నెల అనుకూలంగా ఉంటుంది.

మధ్యలో ఒక రోజు తప్పిపోతే ఆందోళన చెందకండి. నేను చెప్పిన అధ్యయనంలోనే, ఒక్కసారి తప్పినందువల్ల అలవాటు పడే క్రమానికి చెప్పుకోదగిన నష్టం కలగలేదని గమనించారు. మరునాడు అదే పని తరువాత మళ్ళీ కొనసాగించండి. వర్షాలు పట్టే ముందు, జూన్ మొదటి వారంలో ఒకసారి, తలుపు దగ్గరి సంచిని తెరిచి కాగితాలకు చెమ్మ తగలలేదని చూసుకుని, ఈ మధ్య వచ్చిన కొత్త పత్రాలను కవర్లలో చేర్చి, కవరు మీద రెండు భాషలలోనూ ఆ పేర్లు రాయండి.